లైట్లన్నీ వెలుగుతున్నాయి... లైను మాత్రం కలవదు!

పొయ్యి వెలగలేదనుకోండి, మనం ఏం చేస్తాం? ముందు సిలిండరు కాస్త ఊపి చూస్తాం. గ్యాసుంటే రెగ్యులేటరు సరిగ్గా తిప్పామో లేదో చూస్తాం. ఆ తర్వాత బర్నరు కన్నాల్లో అన్నం మెతుకు అడ్డుపడిందేమోనని పొయ్యి ఆపేసి పిన్నీసుతో పొడుస్తాం. ఒకటి చూశాక ఇంకొకటి. అంతేగాని, వీధిలో పోయే ముక్కూ మొహం తెలియని మనిషిని పిలిచి, "బాబూ, ఇవిగో ఇంటి తాళాలు, లోపలికెళ్ళి నువ్వే చూడు" అని అనం కదా!

కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి మాత్రం మనలో చాలామంది సరిగ్గా ఆ పనే చేస్తున్నారు. మొన్న మా వదినే చేయబోయింది. ఆ సంగతే ఈ వారం మీకు చెప్పాలని కూర్చున్నాను.

ఈ మధ్య మీరు రాస్తున్న ఉత్తరాల్లో ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "మా అబ్బాయి అమెరికా నుంచి మా కంప్యూటరు తెరిచి బిల్లులు కట్టేవాడు, ఇప్పుడు లైను కలవడం లేదంటున్నాడు" అని ఒకరు. "మా కోడలు ఇంట్లో కూర్చుని ఆఫీసు కంప్యూటరులో పని చేసుకుంటుంది, వారానికి రెండు రోజులు అది మొరాయిస్తుంది" అని ఇంకొకరు. దీన్నే రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ఒక ఊళ్ళో కూర్చుని, ఇంకో ఊళ్ళో ఉన్న కంప్యూటరును మన ముందే ఉన్నట్టు నడపడమన్నమాట. అక్కడి తెర ఇక్కడ కనిపిస్తుంది, ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం గుర్తు కదులుతుంది. కలిసినంతసేపూ మహా సుఖం. కలవకపోతేనే ఇల్లంతా గందరగోళం.

పోయిన నెల అమలాపురం వెళ్ళాను, మా వదినను చూసి నాలుగు రోజులుండి వద్దామని. అన్నయ్య పోయాక వదిన ఊరికే కూర్చోలేదు. ఊరగాయల వ్యాపారం పెట్టింది. ఆవకాయ, మాగాయ, ఉసిరి, పండుమిరప... మొదట ఇరుగుపొరుగుకి, తర్వాత హైదరాబాదుకి, ఇప్పుడు పెద్ద పెద్ద డబ్బాలు కొరియరులో దేశం దాటి పోతున్నాయి. లెక్కలన్నీ హాల్లో ఉన్న పాత కంప్యూటరులో. అన్నయ్య కొన్నది. దుమ్ము పడకుండా దానికి వదినే పూల గుడ్డతో గలీబు కుట్టింది.

బిల్లులు కొట్టడం, డబ్బాల మీద అంటించే కాగితాలు అచ్చు తీయడం వదిన చేసుకుంటుంది. నెలకోసారి కట్టే జీఎస్టీ లెక్క మాత్రం బెంగుళూరులో ఉన్న మా మేనకోడలు రిమోట్ డెస్క్‌టాపులో తెరిచి చేసిపెడుతుంది. ఆ నెలవారీ రిటర్ను మర్నెల 20వ తేదీలోగా పడాలి. దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున ఆలస్యపు రుసుము, కట్టవలసిన పన్ను మీద వడ్డీ. ఊరగాయలమ్ముకునే మనిషికి అదీ బరువే.

ఆ రోజు 19వ తేదీ. ముందు రోజు రాత్రి గాలీవానా. ఏడెనిమిది గంటలు కరెంటు లేదు. తెల్లవారాక వచ్చింది. పదకొండు గంటలకి మేనకోడలు ఫోను చేసింది. "అమ్మా, నీ కంప్యూటరు నాకు కనిపించడం లేదు. ఆన్ చేశావా?"

"చేశానే తల్లీ. వెలుగుతూనే ఉంది."

"అయితే అత్తకివ్వు ఫోను."

ఇక్కడ ఒక్క మాట చెప్పుకుని ముందుకెళ్దాం. ఈ రెండు కంప్యూటర్లూ ఎలా కలుస్తాయో తెలిస్తే, ఎక్కడ తెగిందో వెతకడం తేలిక. మన పెళ్ళిళ్ళ పేరయ్యలను తలచుకోండి. అబ్బాయివాళ్ళు ఎక్కడో ఉంటారు, అమ్మాయివాళ్ళు ఎక్కడో ఉంటారు. ఒకరి గుమ్మం ఒకరికి తెలియదు. ఇద్దరూ పేరయ్య దగ్గర పేర్లు రాయించుకుంటారు. ఆయన ఇద్దరినీ కలుపుతాడు. ఇక్కడా అంతే. వదిన కంప్యూటరు ఆ సాఫ్ట్‌వేరు కంపెనీవాళ్ళ సర్వరుకు "నేనిక్కడున్నాను, నా నంబరిది" అని చెప్పుకుంటుంది. మేనకోడలి కంప్యూటరు అదే సర్వరుకు వెళ్ళి "ఆ నంబరువాళ్ళను కలపండి" అంటుంది. కాబట్టి తెగితే మూడు చోట్ల తెగాలి: ఇటు ఇంటి నుంచి పేరయ్య దాకా, అటు ఇంటి నుంచి పేరయ్య దాకా, లేదా పేరయ్యకే ఒంట్లో బాగుండకపోవడం.

మేనకోడలు ముందుగా తన వైపు చూసుకుంది. అదే నంబరు పద్ధతిలో తన స్నేహితురాలి కంప్యూటరుకు వెళ్ళి చూస్తే వెంటనే కలిసింది. అంటే తన వైపు బాగుంది, పేరయ్యా బాగున్నాడు. తేడా అమలాపురంలో ఉంది. చూశారా, ఒక్క ఫోనుతో మూడింట రెండు వంతుల వెతుకులాట తగ్గిపోయింది.

"అత్తా, గోడకున్న ఇంటర్నెట్ డబ్బా మీద ఏయే లైట్లు వెలుగుతున్నాయి?"

చూశాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఎర్ర లైటు లేదు. ఫైబరు కనెక్షనైతే ఆ డబ్బా మీద ఎల్ఓఎస్ అని చిన్న అక్షరాలుంటాయి. అది ఎర్రగా వెలిగితే బయట నుంచి వచ్చే తీగ ఎక్కడో తెగిందనో, వంగిందనో అర్థం. మనం ఇంట్లో ఎన్ని తిప్పలు పడ్డా లాభం లేదు, కనెక్షనిచ్చినవాళ్ళకు చెప్పాల్సిందే. మాకు ఆ గొడవ లేదు. వదిన ఫోనులో వైఫై మీద వాట్సాపు బొమ్మలు చక్కగా వస్తున్నాయి కూడా.

"అయితే డబ్బా స్విచ్చి ఆపి, అర నిమిషం ఆగి వెయ్యండి. కంప్యూటరు కూడా ఆపి వెయ్యండి." వేశాం. కలవలేదు.

"కంప్యూటరుకు వెనకాల పెట్టిన తీగ తీసి గట్టిగా నొక్కి పెట్టండి. చిన్న లైటు మిణుకుమిణుకుమంటోందా?" అంటోంది.

"ఏదైనా వెబ్‌సైటు తెరవండి." తెరిచాం. ఎర్ర అక్షరాలతో, ఈ కనెక్షను భద్రం కాదని ఏదో హెచ్చరిక. ఇంకోటి తెరిచాం. అదే హెచ్చరిక. "అలాగా..." అంది మేనకోడలు. "రౌటరే పాడైందేమో. చివరికి ఇంకొకటి చూద్దాం. అమ్మ ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటరును దానికి కలపండి."

ఈ పని మీరందరూ నేర్చుకోవాలి. చాలా మంచి కిటుకు. ఫోను సిమ్ములోని ఇంటర్నెట్టుతో కంప్యూటరు నడిపి చూడడమన్నమాట. దానితో లైను కలిసిందనుకోండి, తేడా ఇంటి ఇంటర్నెట్టులో ఉన్నట్టు. దానితోనూ కలవలేదనుకోండి, తేడా కంప్యూటరులోనే ఉన్నట్టు. సాంబారు బాగా రాలేదంటే ఈసారి పొడి మార్చి చూస్తాం, చింతపండు మాత్రం అదే వేస్తాం. రెండూ ఒక్కసారే మారిస్తే దేనివల్ల చెడిందో జన్మలో తెలియదు. పాత కంప్యూటర్లలో కొన్నిటికి వైఫై ఉండదు. అప్పుడు ఛార్జింగు తీగతో ఫోనును కంప్యూటరుకు తగిలించి, ఫోనులో యూఎస్బీ టెదరింగ్ అన్నది నొక్కితే సరి. మేమూ అలాగే చేశాం.

కలవలేదు.

"అయితే డబ్బా తప్పు లేదు, కంప్యూటరులోనే ఏదో ఉంది. అత్తా, నాకిప్పుడు మీటింగుంది. రెండున్నరకి మళ్ళీ చేస్తాను. అంతవరకూ ఏమీ కదపకండి" అని పెట్టేసింది.

నేను దొడ్లో బట్టలు ఆరేయడానికి వెళ్ళాను. అరగంట పట్టి ఉంటుందేమో. తిరిగొచ్చేసరికి వదిన హాల్లో ఫోను స్పీకరులో పెట్టి ఎవరితోనో మాట్లాడుతోంది. కళ్ళజోడు పెట్టుకుని అంకెలు చదువుతోంది. "నాలుగు... ఏడు... రెండు..."

"ఎవరు వదినా?"

"కంపెనీవాళ్ళేనమ్మాయ్. గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు కొట్టి చూస్తే వచ్చింది. పాపం, ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో! ఫోనులో ఏదో యాప్ వేయించాడు. దాంట్లో తొమ్మిదంకెల నంబరొచ్చింది, చదవమంటున్నాడు. రిజిస్ట్రేషనుకి పది రూపాయలు పంపితే చాలుట, పది నిమిషాల్లో చేసిపెడతానన్నాడు."

నాకు గుండె ఝల్లుమంది. పాడైంది కంప్యూటరు. యాప్ వేయించింది ఫోనులో! కాలు నొప్పంటే చేతికి కట్టు కట్టే వైద్యుడెక్కడైనా ఉంటాడా? వదిన చేతిలోంచి ఫోను లాక్కుని కట్ చేశాను. మళ్ళీ మోగింది. కట్ చేశాను. మళ్ళీ మోగింది. మూడోసారి ఫోనును ఏరోప్లేన్ మోడులో పెట్టేశాను.

"ఎన్నంకెలు చదివావు వదినా?"

"ఆరు."

మిగిలినవి మూడు. ఆ మూడూ చదివి, ఆ తర్వాత తెర మీద వచ్చే "అంగీకరిస్తున్నాను" అన్న బొత్తాము నొక్కి ఉంటే, వదిన ఫోను తెర వాడి కళ్ళ ముందు ఉండేది. ఆ పది రూపాయలు పంపడానికి వదిన బ్యాంకు యాప్ తెరిచి చేసేదంతా వాడు చూస్తూ ఉండేవాడు. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ మెసేజి వాడికీ కనబడేది. ఈ మోసం కొత్తదేమీ కాదు. ఫోను తెరను దూరం నుంచి చూపించే యాపులు వేయించి ఖాతాలు ఊడ్చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులను హెచ్చరించింది. యాప్ చెడ్డదని కాదండోయ్. మేనకోడలు వాడేదీ అలాంటి యాపే. కత్తిపీట మన చేతిలో ఉంటే కూర తరుగుతాం. దొంగ చేతిలో ఉంటే?

ఆ యాప్ తీసేశాను. కార్డు వెనక ఉన్న నంబరుకు నా ఫోను నుంచి చేసి వదిన చేత బ్యాంకువాళ్ళతో మాట్లాడించాను. ఖాతాలో ఏమీ కదల్లేదన్నారు. దేవుడి దయ.

వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది, "మీ అన్నయ్య పోయాక నేను సంపాదించిందంతా అందులోనే ఉందమ్మాయ్. నేనింత తెలివితక్కువదాన్నా?"

కాదు. పాతికేళ్ళు ఇల్లు దిద్దుకుని, ఒంటి చేత్తో వ్యాపారం నిలబెట్టిన మనిషి తెలివితక్కువదేమిటి? గడువు రేపటికే ఉంది, పని ఆగిపోయింది, చెప్పే పిల్ల మీటింగులో ఉంది. ఆ కంగారులో ఎవరో "నేనున్నాను మేడమ్" అంటే ప్రాణం లేచొచ్చింది. లైను తెగిన గంటలోనే ఇలాంటివాళ్ళు మన ఇంట్లో దూరుతారు. అందుకే చెబుతున్నాను, లైను కలవకపోవడం అసలు ప్రమాదం కాదు. అది ఈ రోజు కాకపోతే రేపు కలుస్తుంది. కలపాలన్న తొందరలో మనం తలుపు ఎవరికి తీస్తున్నామన్నదే ప్రమాదం.

మనసు మళ్ళుతుందని, "సాయంత్రం కొరియరు వాడొస్తాడుగా, డబ్బాల కాగితాలు తీద్దాం రా" అన్నాను. వాటికి ఇంటర్నెట్టుతో పని లేదు. వదిన బొత్తాము నొక్కింది. కాగితం బయటికొచ్చింది. ఆవకాయ, అర కిలో, ప్యాకు చేసిన తేదీ... 01-01-2015!

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. "ఇదేమిటే, పదేళ్ళు దాటిన ఊరగాయ పంపిస్తున్నానా నేను!" అని వదిన అంత బాధలోనూ నవ్వేసింది. కంప్యూటరు తెర కింద కుడి మూల చూస్తే అక్కడా అదే తేదీ. పొద్దుట్నుంచీ అక్కడే ఉంది. నలుగురు చుట్టూ తిరిగినా ఎవరి కంటా పడలేదు.

అప్పుడు వదినకు గుర్తొచ్చింది. "అవునమ్మాయ్, పొద్దున్న ఆన్ చేస్తే నల్ల తెర మీద ఏదో ఇంగ్లీషులో వచ్చి ఎఫ్ వన్ నొక్కమంది. నొక్కాను. మామూలుగానే వచ్చింది కదాని ఊరుకున్నాను."

మేనకోడలికి ఫోను చేశాను. మీటింగు మధ్యలోనే ఎత్తింది. "తేదీనా అత్తా! అయ్యో, అదే! అదే అసలు సంగతి!"

తేదీకీ లైనుకీ సంబంధమేమిటా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఇంటర్నెట్టులో భద్రంగా మాట్లాడుకునే ప్రతి సర్వరు దగ్గరా ఒక ధ్రువపత్రం ఉంటుంది. బస్సు పాసులాగా దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. మన కంప్యూటరు లైను కలిపే ముందు ఆ తేదీలు చూస్తుంది. వదిన కంప్యూటరేమో ఇంకా 2015లోనే ఉన్నాననుకుంటోంది. ఇప్పటి పాసు దాని కంటికి ఇంకా మొదలవని పాసు. "ఇది చెల్లదు, పొండి" అని పేరయ్యను గుమ్మంలోనే వెనక్కి పంపేస్తోంది. వెబ్‌సైట్లు తెరిస్తే వచ్చిన ఎర్ర హెచ్చరికా దానివల్లే. తెర మీద మాత్రం "ఇంటర్నెట్ కనెక్షను చూసుకోండి" అని వస్తుంది. దాన్ని నమ్మి మనం డబ్బాల చుట్టూ తిరిగాం. ఫోనుకు ఏ ఇబ్బందీ లేదెందుకంటే, ఫోను తన టైమును నెట్‌వర్కు నుంచి తెచ్చుకుంటుంది.

మరి తేదీ ఎందుకు పోయింది? కంప్యూటరు లోపల రూపాయి బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ ఒకటుంటుంది. దాని పేరు సీఆర్ 2032. ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మందం, మూడు వోల్టులు. వంటింట్లో తూకం వేసుకునే చిన్న కాటాల్లో కొన్నిటికీ ఇదే వేస్తారు. కరెంటు లేనప్పుడు కూడా కంప్యూటరులో గడియారం తిరుగుతూ ఉండేది దానివల్లే. కొన్నేళ్ళకు అది అయిపోతుంది. వదిన కంప్యూటరుకు యూపీఎస్ ఉంది కాబట్టి చిన్న చిన్న కోతలకు తెలియలేదు. ఆ రాత్రి యూపీఎస్ కూడా అయిపోయింది. గడియారం ఆగి మొదటికొచ్చింది.

సెట్టింగుల్లో తేదీ, సమయం ఉన్నచోటికి వెళ్ళి సరైన తేదీ, సంవత్సరం, టైము మేమే పెట్టాం. కంప్యూటరు ఒకసారి ఆపి వేశాం. వదిన కుర్చీలో కూర్చుని చూస్తుండగానే బాణం గుర్తు దానంతటదే కదిలింది. "వచ్చిందే పిల్ల!" అంది వదిన. సాయంత్రం ఆరున్నరకల్లా రిటర్ను పడింది. మర్నాడు రిపేరు చేసే అబ్బాయి వచ్చి బ్యాటరీ మార్చాడు. దాని ఖరీదు ఓ పూట కూరగాయలకయ్యేపాటి కూడా కాదు.

ఇక మీ కోసం ఆ వరసంతా ఒకచోట రాస్తున్నాను. కత్తిరించి కంప్యూటరు పక్కన గోడకు అంటించుకోండి.

లైను కలవకపోతే చూడవలసిన వరస

1. అవతలి కంప్యూటరు ఆన్‌లో ఉందా? తెర ఆరిపోయినా ఫరవాలేదు గాని, కంప్యూటరే నిద్రపోతే బయటివాళ్ళకు కనిపించదు. సెట్టింగుల్లో పవర్ అన్నచోట నిద్రపోయే సమయాన్ని "ఎప్పుడూ వద్దు" అని పెట్టుకోండి.

2. తేదీ, సంవత్సరం, టైము సరిగ్గా ఉన్నాయా? తెర కింద కుడి మూల చూడండి. మేము చివర చూసింది మీరు ముందే చూడండి.

3. ఇంటర్నెట్ డబ్బా మీద ఎర్ర లైటు ఉందా? ఉంటే కనెక్షనిచ్చినవాళ్ళకు చెప్పండి. లేకపోతే అర నిమిషం ఆపి వెయ్యండి.

4. అదే కంప్యూటరులో ఒక వెబ్‌సైటు తెరుచుకుంటోందా? ఫోనులో వస్తోందని సరిపెట్టుకోకండి.

5. ఫోను హాట్‌స్పాటుతో చూడండి. కలిస్తే ఇంటి ఇంటర్నెట్టులో తేడా, కలవకపోతే కంప్యూటరులో.

6. నంబరు సరిగ్గా చెప్పారా? సాఫ్ట్‌వేరు తీసి మళ్ళీ వేస్తే కొన్నిసార్లు నంబరు మారుతుంది. పాత కాగితం చూసి చదవకండి, తెర మీద ఉన్నది చదవండి.

7. రెండు వైపులా సాఫ్ట్‌వేరు కొత్తదేనా? ఒకరిది మరీ పాతదైతే కలవకపోవచ్చు.

8. కొత్తగా యాంటీవైరస్ వేశారా? అది గాని, ఫైర్‌వాల్ గాని ఈ సాఫ్ట్‌వేరును ఆపేస్తూ ఉండవచ్చు. మొత్తం ఆపేయకండి, ఈ ఒక్కదానికి మాత్రం అనుమతివ్వండి.

9. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. మార్చింది కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు మీ ఉత్తరాల్లో మూడింటికి జవాబులు.

ఒక సోదరి, ఏలూరు: మా ఇంట్లో పై గది కంప్యూటరును విండోసులోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాపుతో కింద గదిలోంచి తెరుస్తాను. చక్కగా వస్తుంది. పుట్టింటికి వెళ్ళి అదే అంకెలు కొడితే రావడం లేదు. ఎందుకని?

మీరు కొడుతున్న అంకెలు 192.168 అని మొదలవుతున్నాయా? అవి మీ ఇంటి లోపలి గది నంబర్లు. "రెండో గది" అంటే మీ ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది, పోస్టుమానుకు తెలుస్తుందా? అలాంటి గదులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఈ విండోసు పద్ధతిలో నేను చెప్పిన పేరయ్య ఉండడు, నేరుగా వెళ్ళాలి. బయట నుంచి రావాలంటే వీపీఎన్ పెట్టించుకోండి, లేదా నంబరుతో కలిపే సాఫ్ట్‌వేరు వాడుకోండి. రౌటరులో 3389 అనే పోర్టు తెరిచిపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. అది వీధి తలుపు బార్లా తీసి నిద్రపోవడమే.

ఒక సోదరి, నిజామాబాద్: మా వారు దుబాయిలో ఉంటారు. అక్కడి నుంచి మా కంప్యూటరు తెరుస్తారు. కలుస్తుంది గాని, పదే పదే తెగిపోతుంది. అదీ ఎక్కువగా వంట వేళల్లో. ఇదేం విడ్డూరం?

విడ్డూరమేమీ లేదమ్మా. మీ రౌటరు వంటింటి గోడకు దగ్గరగా ఉందా? మైక్రోవేవ్ ఓవెను ఉందా? వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ అని ఒక రకం ఉంది. ఓవెను పనిచేసేదీ సుమారు అదే తరంగాల మీద. ఓవెను తిరిగినంతసేపూ వైఫై తడబడుతుంది. రౌటరును అక్కణ్ణుంచి మార్చండి, లేదా 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. అన్నిటికన్నా మేలు, కంప్యూటరుకు నేరుగా తీగ పెట్టించడం. ఇన్వర్టరు ఉంటే రౌటరును కూడా దాని మీదే పెట్టండి.

ఒక సోదరి, వరంగల్: కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. మా అమ్మాయి చెప్పిన రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగు ఇందులో ఆన్ అవడం లేదు. షాపువాళ్ళు మోసం చేశారంటారా?

అలా అనుకోనక్కర్లేదు. విండోసులో హోమ్ అనీ, ప్రో అనీ రకాలున్నాయి. హోమ్ ఉన్న కంప్యూటరు నుంచి బయటికి వెళ్ళవచ్చు గాని, ఆ పద్ధతిలో బయటివాళ్ళు దానిలోకి రాలేరు. మీది హోమ్ అయి ఉంటుంది. దాని కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. విండోసులోనే క్విక్ అసిస్ట్ అని ఉంటుంది. మీ అమ్మాయి తన కంప్యూటరులో అది తెరిస్తే ఒక కోడ్ వస్తుంది. ఆ కోడ్ మీకు ఫోనులో చెబుతుంది, మీరు మీ కంప్యూటరులో కొట్టాలి. పది నిమిషాల్లో కొట్టాలి సుమా! దాటితే ఇంకో కోడ్ అడగాలి.

చివరిగా ఒక మాట. ఆ రాత్రి భోజనాలయ్యాక మేమిద్దరం కూర్చుని మా ఇంటికి మూడు కట్టుబాట్లు రాసుకున్నాం. మీకూ పనికొస్తాయి.

ఒకటి, మనం అడిగి పిలిచిన మన మనిషికే నంబరు చెప్పాలి. అదీ గొంతు గుర్తుపట్టాక. వాళ్ళంతట వాళ్ళు ఫోను చేసినవాళ్ళకు, వెతికితే దొరికిన నంబరువాళ్ళకు చెప్పేది లేదు. కంపెనీతో మాట్లాడాలంటే దాని సొంత వెబ్‌సైటులోంచో, బిల్లు మీద నుంచో నంబరు తీసుకోవాలి.

రెండు, లైను కలిసి ఉన్నంతసేపూ బ్యాంకు యాప్ తెరవకూడదు, ఓటీపీ చదవకూడదు. పని కాగానే లైను మనమే తెంచెయ్యాలి.

మూడు, పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి దాచుకోకూడదు. వెంటనే ఇంటర్నెట్టు ఆపి, యాప్ తీసేసి, బ్యాంకుకు చెప్పి, 1930కి ఫోను చెయ్యాలి. డబ్బు పోయినవాళ్ళ కోసం పెట్టిన నంబరది. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లోవాళ్ళు ఏమంటారోనని గంటలు గంటలు కూర్చుండిపోవడం వల్లే చాలామంది నష్టపోతున్నారు.

వదిన ఆ కాగితాన్ని అన్నయ్య ఫోటో కిందే అంటించింది. 2015 నాటి ఆవకాయ కాగితాన్ని పారేయనివ్వలేదు. దాన్నీ పక్కనే అంటించింది. "ఇది కనిపిస్తే నాకు తొందర తగ్గుతుందమ్మాయ్" అంది.

ఇప్పుడు లేచి, మీ కంప్యూటరులో తేదీ ఎంతుందో ఒకసారి చూసి రండి. సరిగ్గా ఉంటే సంతోషం. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.